చోడి బిస్కెట్ల సంగతి

దాసరివలస,
సెప్టెంబరు 14, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి శైలజకు,

అత్త సుభద్రమ్మ దీవెనలు. ఉత్తరం మొదట్లో అందరం క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. మీ మావయ్య, మురళి, ఝాన్సీ ముగ్గురూ నిజంగానే క్షేమం. నా సంగతి కాస్త ఆగి రాస్తాను. నువ్వక్కడ వేళకు తింటున్నావని, విశాఖపట్నం నీళ్ళు పడ్డాయని, జలుబు మళ్ళీ పట్టుకోలేదని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోన్లో నీ మాట నాకు సగమే వినిపిస్తుందని, మిగతా సగం మురళి నా చెవిలో అరవాల్సి వస్తోందని, నువ్వు తీరిక చేసుకుని మరీ రాస్తున్నావు. పోస్టుమాన్ అసిరయ్య కవరు నా చేతిలో పెడుతూ, "ఈ ఊళ్ళో అందరికీ బేంకు కాగితాలే వస్తన్నాయి. ఉత్తరం వస్తన్నాదంటే మీ ఇంటికేనమ్మా. అదృష్టవంతురాలివి" అన్నాడు. ఆ మాటకు నవ్వి లోపలికి వచ్చాను. ఉత్తరం చివరిదాకా చదివాక ఆ నవ్వు నిలవలేదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. ఝాన్సీకి కింది పన్ను ఊడింది. ఊడిన పన్ను నువ్వొచ్చేదాకా దాచాలని అగ్గిపెట్టెలో పెట్టుకుంది. తెలుగు బాగా చదువుతోంది, ఎక్కాలే ఇంకా పదమూడు దగ్గర ఆగిపోయాయి. జడ నేను వేస్తే వదులవుతోందని వాళ్ళ నాన్న చేత వేయించుకుంటోంది. మోటార్లు చుట్టే చేతులు కదా, మురళి వేసిన జడ సాయంత్రం దాకా బిగుసుకునే ఉంటోంది. వాడికి నరసన్నపేట కొట్లో పని బాగానే ఉంది. మధ్యాహ్నం క్యారేజీ ఖాళీ చేసే తెస్తున్నాడు, బెంగ పెట్టుకోకు. మీ మావయ్య మోకాలికి నువ్వు పంపిన మందు రాస్తున్నాను. చేను పిలకలు వేసింది. గేదె ఈనింది, పెయ్యదూడ. దానికి నీ పేరు పెడతానని ఝాన్సీ, వద్దని నేను. ఇంకా తేలలేదు.

ఇక నీ ఉత్తరంలో చివరి పేజీ. నువ్వు రాసిన మాటలు ఇవి. "అత్తా, ఇక్కడ దుకాణం వంటగదిలో ఇప్పటికి ఇరవై మూడుసార్లు బిస్కెట్లు చేశాను. అనితగారు ప్రతిసారీ ఓపిగ్గా తిని, బాగుంది గానీ ఆ రోజు మీ ఇంట్లో తిన్నది ఇది కాదు శైలజా అంటున్నారు. ఆ రోజు నాకు జలుబు, రుచీ వాసనా తెలియలేదు. పిండి కలిపింది మీరు. నీళ్ళు తక్కువ పోశారా, ఎక్కువసేపు పిసికారా, గుర్తు చేసుకుని రాయండి. ఈ నెల ఇరవైన ప్యాకెట్ల అమ్మకం ఒప్పందం కాగితాల మీద సంతకం పెట్టాలి. అప్పటికీ ఆ రుచి రాకపోతే నాకు చేతకాదని చెప్పి వచ్చేస్తాను. మీ చేతి చలవ వల్లే ఆ రోజు అంత బాగా కుదిరిందని అనితగారితో కూడా అన్నాను."

'మీ చేతి చలవ' అన్నచోట కాగితం మడిచేశాను. మళ్ళీ విప్పాను. ఈ అయిదు రోజుల్లో ఎన్నిసార్లు విప్పానో చెప్పలేను. నువ్వు అడిగింది చిన్న ప్రశ్న. దానికి జవాబు నాకు తెలుసు. మంగళవారం నుంచీ కాదు, జూలై నుంచీ తెలుసు.

అది రాసే ముందు, నువ్వు ఆ పని మొదలుపెట్టిన నాటి నా మనసు ఎలాంటిదో కూడా రాయాలి. లేకపోతే ఏదో పొరపాటున జరిగిందని నువ్వే నాకు సాకు వెతికి పెడతావు. నీ గుణం నాకు తెలుసు.

నువ్వు బిస్కెట్ల తయారీ శిక్షణకు వెళ్ళొచ్చి, ఆ ఓవెన్ తెచ్చి వంటింటి గూట్లో పెట్టినప్పుడు నేనేమీ అనలేదు. మీ శిక్షణలో రాగి అంటారన్న మన చోడి పిండి, బెల్లం, నువ్వులు, వాము, మిరియాలు, పైన రాళ్ళుప్పు పలుకులు, తీపీ ఉప్పూ రెండూ ఒకే బిస్కెట్‌లో అన్నప్పుడు కూడా అనలేదు. కొబ్బరినూనె డబ్బా తీసినప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాను. "తలకి రాసుకునేది తిండిలో పోస్తావేటి? ఇంట్లో నెయ్యి నేదేటి?" అన్నాను. నువ్వు మెల్లగా, "పాలు, నెయ్యి ముట్టనివాళ్ళు కూడా ఉంటారత్తా. ఆలకీ తినడానికి ఏదో ఒకటి ఉండాలి గదా" అన్నావు. దానికేదో ఇంగ్లీషు మాట కూడా చెప్పావు, వీగన్ అని. నాకు ఆ మాట నోరు తిరగలేదు, తిరగాలని ప్రయత్నించనూ లేదు.

నా నెయ్యి సంగతి నీకు తెలుసు. పుట్టింట్లో నాలుగు గేదెలు. ఇక్కడికొచ్చాక కూడా ఊళ్ళో ఎవరింట్లో శుభకార్యమైనా సుభద్రమ్మ కాచిన నెయ్యి కావాలని వచ్చేవాళ్ళు. నేను వేరే చదువుకోలేదు, వేరే విద్య లేదు. పొరుగింటి గున్నమ్మ గోడ మీంచి తల పెట్టి, "పాడి ఉన్న ఇంట్లో పాలు నేని బిస్కెట్లేటే సుభద్రా? కోడలికి నీ నెయ్యి సయించట్లేదేటి?" అన్న రోజు నాకు ఒళ్ళు మండింది. గున్నమ్మ మీద కాదు, నీ మీద.

జూలైలో అనితగారు నీ బిస్కెట్లు రుచి చూడడానికి వస్తానన్న రోజు. తెల్లవారినుంచీ ముసురు. నువ్వు తుమ్ముతూనే పిండి జల్లించి, బెల్లం కరిగించి, అన్నీ కొలిచి పళ్ళెంలో పెట్టావు. ఇంతలో ఆవిడ బస్సు దిగానని ఫోన్ చేసింది. రోడ్డు దగ్గర నిలబడడానికి నీడ లేదని నువ్వు గొడుగు తీసుకుని పరిగెత్తావు. గుమ్మంలోంచి వెనక్కి తిరిగి, నాకు వినపడేలా గట్టిగా, "అత్తా, ఆ గిన్నెలో నూనె కొలిసి ఉంచాను. పిండిలో పోసి కలిపేస్తారా? వచ్చాక నేను ఒత్తుకుంటాను" అన్నావు. సరేనన్నాను.

ఆవిడ వచ్చింది. ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి, తడిసిన చెప్పులు బయటే విడిచి, కాళ్ళు కడుక్కుని మరీ లోపలికి వచ్చింది. పట్నంలో దుకాణం ఉన్న మనిషి ఎలా ఉంటుందోనని నేను బెదిరాను గానీ, ఆవిడ నా పక్కన నేల మీదే కూర్చుంది. "మాది కళింగపట్నం పక్కనమ్మా. మా నాయిన గంగులు వేటకెల్తాడు. సేపల ఇంట్లో పుట్టి సేప తినను, పాలు తాగనంటే మావోళ్ళకి నేనొక ఆట" అని నవ్వింది. నువ్వు ఓవెన్ దగ్గర ఉన్నావు, ఈ మాటలన్నీ నీకు వినిపించాయో లేదో. నాకోసం గొంతు పెంచే మాట్లాడింది. "ఏడేళ్ళయింది మానేసి. ఇంటికెల్తే మా యమ్మే సాటుగా పప్పులో నెయ్యేసేస్తాది. తిన్నాక సుట్టాలందరి ముందరా సెప్పి నవ్వుతాది. అందుకే ఎవులింట్లోనూ ఏటీ ముట్టనమ్మా. మీ కోడలు మాటిచ్చింది గనక ఈయాల తింతాను."

నువ్వు పళ్ళెం తెచ్చి ముందు పెట్టావు. ఆవిడ ఒకటి తింది. రెండోది తీసుకుని వాసన చూసింది. "శైలజా, ఇందులో నెయ్యి వాసన ఏదో తగుల్తన్నాది" అంది. నీ ముఖం ఎర్రబడింది. "లేదండీ! పాలచుక్క కూడా లేదు. కొబ్బరినూనే. కలిపింది మా అత్తయ్యే, ఆవిణ్ణే అడగండి" అన్నావు. ఆవిడ నావైపు తిరిగింది. "నిజమేనా అమ్మా?"

ఆ మాట నాకు బాగానే వినిపించింది శైలజా. చెవుల మీదకు నెట్టడానికి లేదు.

"మా కోడలు అబద్ధం ఆడదమ్మా" అన్నాను.

అంతే, ఆవిడ అయిదు తింది. ఆఖరిది తింటూ కళ్ళు తుడుచుకుంది. "సిన్నప్పుడు మా అమ్మమ్మ సేసిన సోడుండలు గుర్తొచ్చినాయి. ఏడేళ్ళ తరవాత ఆ రుచి తగిలింది" అని నీ చెయ్యి పట్టుకుంది. మిగిలినవన్నీ డబ్బాలో పెట్టించుకుని, నిన్ను తన దుకాణం వంటగదికి రమ్మని పిలిచి వెళ్ళింది. ఆ రోజు నీ ముఖంలో వెలుగు ఈ ఇంటికొచ్చిన తొమ్మిదేళ్ళలో నేను చూడలేదు.

నువ్వు గొడుగు తీసుకుని వెళ్ళాక నేను చేసింది ఇది. నువ్వు కొలిచి పెట్టిన గిన్నెలో కొబ్బరినూనె మూడు వంతులు తిరిగి డబ్బాలో పోసేశాను. వాసనకు కాస్త ఉంచి, మిగతా కొలత నా నెయ్యితో నింపాను. ముందు రోజు కాచిన నెయ్యి, అడుగు కొంచెం ఎర్రబడి మంచి వాసన మీద ఉంది. పిండిలో పోసి, జిడ్డు కనిపించకుండా పిసికి, గుడ్డ కప్పాను. నువ్వొచ్చేసరికి చేతులు కడుక్కుని వత్తులు చేసుకుంటూ కూర్చున్నాను.

వచ్చిన మనిషి ముందు నీకు మాట రాకూడదని చేశానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. కానీ అంతా అది కాదు. నా నెయ్యి లేకుండా ఈ ఇంట్లో ఏదీ రుచిగా ఉండదని నాకు రుజువు కావాలనిపించింది. ఆవిడ మెచ్చుకుంటుంటే నీ పక్కన కూర్చుని నేను లోలోపల పొంగిపోయాను. నీ బిస్కెట్లను మెచ్చుకుందని కాదు, తెలియకుండా నన్ను మెచ్చుకుందని. ఆవిడ కళ్ళు తుడుచుకున్నప్పుడు కూడా నాకు బాధ కలగలేదు. నెగ్గానని అనిపించింది.

ఇంకొకటి రాయాలి. మర్నాడు గోడ దగ్గర నిలబడి గున్నమ్మకు ఈ సంగతంతా చెప్పాను. చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం. "ఏడేళ్ళ దీక్ష ఒక్క గరిటెతో పోనాది" అని గున్నమ్మ కడుపు పట్టుకుంది. అనితగారు నాతో అంతకు ముందు రోజే వాళ్ళమ్మ గురించి చెప్పింది. చుట్టాలందరి ముందూ నవ్వుతుందని చెప్పింది. అది విని, అదే పని చేశాను.

నువ్వు పట్నం వెళ్ళాక రుచి కుదరడం లేదని మొదటి ఉత్తరంలో రాశావు. కుదురుతుందిలే అని జవాబు రాశాను. రెండో ఉత్తరంలో రాశావు. ఓవెన్ తేడా అయ్యుంటుందని రాశాను. నీ ఒక్కో వాయీ నా కళ్ళ ముందే మాడుతున్నట్టుండేది, అయినా నోరు విప్పలేదు.

మంగళవారం నీ మూడో ఉత్తరం చదివాక కూడా, ముందు నేను చూసుకున్నది తప్పించుకునే దారే. నెయ్యి లేకుండా ఆ రుచి తెచ్చే కిటుకు ఒకటి దొరికితే, ఆ రోజు ఇలా చేశానని రాసి పంపేద్దామనుకున్నాను. బుధవారం, గురువారం నువ్వు కొలతలు రాసుకున్న పుస్తకం ముందు పెట్టుకుని ఓవెన్ వెలిగించాను. ఒకసారి నువ్వులనూనె, ఒకసారి వేయించిన జీడిపప్పు నూరి, ఒకసారి కొబ్బరి తురుము ఎర్రగా వేయించి. కొబ్బరిది వాసనలో కొంచెం దగ్గరికి వచ్చింది. వెంటనే కాగితం తీసుకుని, "ఆ రోజు నేను కొబ్బరి వేయించి పొడి చేసి కలిపాను, నీకు చెప్పడం మరిచాను" అని ఉత్తరం రాసేశాను. కవరులో పెట్టబోతుంటే ఝాన్సీ బడి నుంచి వచ్చింది. తను చదువుతానని లాక్కుని గట్టిగా చదివింది.

చదివి నావైపు చూసింది. "మామ్మా, ఆ రోజు నువ్వు కొబ్బరి యేపనేదు గదా. జొరమొచ్చి నేను బడికెల్లనేదు, ఇంట్లోనే ఉన్నాను."

"నీకు గుర్తు నేదులే" అన్నాను.

"గుర్తున్నాది. కొబ్బరి యేపితే నాకు పెట్టకుండా ఉండవు గదా. మరి అమ్మకెందుకు అలగ రాసావు?"

ఏడేళ్ళ పిల్ల. కోపంతో అడగలేదు, తెలియక అడిగింది. ఉత్తరం దాని చేతిలోంచి తీసుకుని పొయ్యిలో పెట్టాను. అప్పటినుంచి అది నన్నేమీ అడగలేదు గానీ, నేను దాని ముఖం చూడలేకపోతున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం మీ మావయ్యకు చెప్పాను. అన్నం తిని వరండాలో చుట్ట చుట్టుకుంటున్నారు. అంతా విని పెద్దగా నవ్వారు. "ఒక గరిటెడు నెయ్యికి ఇంత ఏడుపేటే? ఇసం కలపనేదు గదా! తిన్నాది, బాగున్నాదన్నాది. అయిపోనాది. ఊరుకో" అన్నారు. ఇంకోసారి నవ్వారు కూడా. మీ మావయ్య చెడ్డవారు కాదు, నీకు తెలుసు. కానీ ఆ నవ్వు చూశాక, గోడ దగ్గర నా నవ్వు ఎలా ఉండిందో తెలిసింది. ఈ ఇంట్లో నీ మాటను మేమందరం ఏపాటిగా చూశామో కూడా తెలిసింది.

మురళికి సాయంత్రం చెప్పాను. వాడు నవ్వలేదు. కంచం ముందు నుంచి లేచిపోయాడు. చాలాసేపటికి వచ్చి, "నేను ఫోన్లో సెప్పనమ్మా. నువ్వే సెప్పాల. దానికి నిద్దర నేదు అక్కడ, నేనేటి సేతకానిదాన్నా అని నాకు ఫోన్ సేసి ఏడుస్తన్నాది" అన్నాడు. నువ్వు ఏడుస్తున్నావని నాకు ఎవరూ చెప్పలేదు. నాకు వినిపించదు కదా.

నిన్న శనివారం ఉదయం, నీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేశాను. ఒక్క దినుసు మార్చలేదు. కొబ్బరినూనె నువ్వు రాసిన కొలతే పోశాను. చల్లారాక ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. శైలజా, నీ బిస్కెట్ నేను తినడం అదే మొదటిసారి. తొమ్మిది నెలలుగా బాగోలేదంటూ వచ్చాను, ఒక్కటి కూడా కొరికి చూడకుండా. నువ్వు పళ్ళెంలో పెట్టి ఇచ్చినవి ప్రతిసారీ గేదె కుడితిలో వేశాను. ముందు బెల్లం తీపి, ఆ తరవాత ఉప్పు పలుకు పంటి కింద విరిగి, చివర్లో మిరియం గొంతులో తగిలింది. కొబ్బరి వాసన నేననుకున్నట్టు తలనూనెలా లేదు. నేను ఇంకొకటి తిన్నాను. బాగున్నాయి. నా మాట మీద నీకు ఇక నమ్మకం ఉండాల్సిన పని లేదు గానీ, బాగున్నాయి. ఝాన్సీ నాలుగు తింది.

కాబట్టి నువ్వడిగినదానికి జవాబు ఇదీ. నీళ్ళు తక్కువ పోయలేదు, ఎక్కువసేపు పిసకలేదు. నా చేతిలో ఏ చలవా లేదు. నువ్వు ఇరవై మూడుసార్లూ సరిగ్గానే చేశావు. నువ్వు వెతుకుతున్న రుచి నీది కాదు, దాన్ని వెతకడం ఇవాళే ఆపెయ్యి.

నన్ను క్షమించమని అడగను. అత్తను కదా, అడిగితే నువ్వు సరేనంటావు. నీకు కాదనే వీలు ఈ ఇంట్లో మేమెప్పుడూ ఉంచలేదు. నువ్వు కోప్పడాలంటే కోప్పడు. మాట్లాడకపోయినా సరే. ఈ ఇంటికి రావడమా, అక్కడే ఉండి పని చేసుకోవడమా అన్నది కూడా నువ్వే తేల్చుకో. ఝాన్సీని తీసుకెళ్ళి అక్కడ చదివిస్తానన్నా నేను అడ్డం రాను. గున్నమ్మ దగ్గరకు నిన్ననే వెళ్ళి, మనం నవ్వడం తప్పని చెప్పి వచ్చాను. "కోడలికి బయపడతన్నావేటే?" అంది. అవునన్నాను.

ఈ ఉత్తరం రేపు వేస్తే నీకు గురువారానికి అందుతుంది. శుక్రవారం ఉదయం బస్సుకు మురళితో కలిసి వస్తున్నాను. ఇరవయ్యో తేదీ సంతకానికి ముందే అనితగారికి సంగతి తెలియాలి. నువ్వు చెప్పకు. నీ మాటగా వెళితే నువ్వేదో దాచావని ఆవిడ ఒక్క క్షణమైనా అనుకుంటుంది, ఆ ఒక్క క్షణం కూడా నీకు రాకూడదు. నన్ను అడిగింది ఆవిడ, దాటవేసింది నేను. ఏడేళ్ళు నిలబెట్టుకున్నదాన్ని నా చేత్తో చెడగొట్టానని ఆవిడకు నా నోటితోనే చెప్పాలి. తిట్టినా, బయటకు పొమ్మన్నా పడతాను. ఆవిడ ఏమన్నదీ నాకు వినిపించకపోతే, మురళిని గట్టిగా చెప్పమంటాను, ఒక్క మాట తగ్గించకుండా.

ఒక్కటే కోరుకుంటున్నాను. నేను ఆ మాట చెప్పేటప్పుడు, జాలిపడి నా పక్కకు రావద్దు. ఎవరేమన్నా అత్త కదా అని నా ముందు నిలబడే మనిషివి నువ్వు, అందుకే ముందుగా రాస్తున్నాను. ఆ రోజు మోసపోయింది మీరిద్దరూ. నువ్వు అనితగారి పక్కనే నిలబడు.

ఇట్లు,
నీ ఎదుట తలెత్తలేని అత్త,
సుభద్రమ్మ